మైన్‌క్రాఫ్ట్ సర్వర్: ఇంట్లో పెట్టాలా, అద్దెకు తీసుకోవాలా, రెల్మ్స్ సరిపోతుందా?

వేసవి సెలవులు దగ్గర పడగానే మా ఇంట్లో పిల్లలు నా చుట్టూ చేరతారు. "బాబాయ్, ఈసారి మన సొంత సర్వర్ పెడదాం." సర్వర్ అంటే, బ్లాకులతో ఇళ్లు కట్టే మైన్‌క్రాఫ్ట్ ఆటలో అందరూ కలిసే ప్రపంచాన్ని (వరల్డ్) నడిపే కంప్యూటర్. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నేను నేరుగా ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది అనే లెక్కల్లోకి దిగాను. అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదని తర్వాత తెలిసింది. ఎవరెవరు ఆడతారు, దేని మీద ఆడతారు? ఈ రెండూ తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే.

అప్పటికి మా జట్టులో ఆరుగురు. హైదరాబాద్‌లో ఇద్దరు ల్యాప్‌టాప్ మీద, విజయవాడలో ముగ్గురు ఫోన్ల మీద, డల్లాస్‌లో మా అక్క కొడుకు ఎక్స్‌బాక్స్ మీద ఆడేవారు. అందరూ ఆడేది మైన్‌క్రాఫ్టే. కానీ అది రెండు వేర్వేరు ఆటలని ఆ వారమే నాకు అర్థమైంది. విండోస్, మ్యాక్, లినక్స్ కంప్యూటర్లలో నడిచేది జావా ఎడిషన్. ఫోన్లు, ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్, స్విచ్‌లలో నడిచేది బెడ్‌రాక్ (విండోస్‌లో అదీ ఉంది). జావా సర్వర్ 25565 పోర్టులో (కంప్యూటర్‌లోకి నంబరు వేసిన తలుపు లాంటిది) టీసీపీ మీద మాట్లాడుతుంది, బెడ్‌రాక్ సర్వర్ 19132లో యూడీపీ మీద (ఇవి డేటా పంపే రెండు వేర్వేరు పద్ధతులు). ఒకదాని ఆటగాళ్లు రెండోదానిలోకి నేరుగా రాలేరు.

ఈ గోడ దాటించే ప్లగిన్ (సర్వర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్) ఒకటుంది, పేరు గీజర్. జావా సర్వర్‌లో దాన్ని పెడితే ఫోన్ పిల్లలు కూడా అదే వరల్డ్‌లోకి వస్తారు. దానికి తోడుగా ఫ్లడ్‌గేట్ పెడితే వాళ్లు జావా ఎడిషన్ విడిగా కొనక్కర్లేదు. వాళ్ల పేరు ముందు ఒక చుక్క కనిపిస్తుంది, అంతే. తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లల చేతిలో ఉండేది ఫోనే కాబట్టి, మన దగ్గర జావా సర్వర్ పెట్టేవారికి గీజర్ తప్పనిసరి అని నా అభిప్రాయం. అయితే అది కన్సోల్ వాళ్లకు సులభంగా దారి ఇవ్వదు. ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్, స్విచ్‌లలో మనకు నచ్చిన సర్వర్ అడ్రస్ కొట్టుకునే చోటే ఉండదు. డీఎన్ఎస్ (పేరును బట్టి సర్వర్ అడ్రస్ చెప్పే సేవ) మార్చి లోపలికి వచ్చే పద్ధతులు ఉన్నాయి గానీ, వేరే దేశంలో ఉన్న పదేళ్ల పిల్లాడికి ఫోన్‌లో అది చెప్పి చేయించడం నావల్ల కాలేదు. జట్టులో ఒక్క కన్సోల్ ఉన్నా ముందు రెల్మ్స్ వైపు చూడండి.

రెల్మ్స్ మైన్‌క్రాఫ్ట్ వాళ్లే నెల చందా మీద నడిపే సర్వర్. యజమాని ఒక్కరు కడితే చాలు, మిగతావాళ్లు ఉచితంగా వస్తారు. పెద్ద ప్లాన్‌లో యజమాని కాక ఒకేసారి పదిమంది ఆడొచ్చు. పోర్టులు లేవు, ఫైర్‌వాల్ లేదు, అర్ధరాత్రి లేచి రీస్టార్ట్ చేసే పని లేదు. బ్యాకప్‌లు వాటంతట అవే జరుగుతాయి, వరల్డ్‌ను మన కంప్యూటర్‌లోకి దించుకోవచ్చు. దీంట్లో పేపర్ ప్లగిన్లు గానీ, ఫ్యాబ్రిక్ మోడ్లు గానీ పెట్టలేం (పేపర్, ఫ్యాబ్రిక్ బయటివాళ్లు చేసిన సర్వర్ రకాలు; మోడ్ అంటే ఆటనే మార్చే చేర్పు). జావా రెల్మ్‌లోకి బెడ్‌రాక్ వాళ్లు, బెడ్‌రాక్ రెల్మ్‌లోకి జావా వాళ్లు రాలేరు. ఇంట్లో సాంకేతిక విషయాలు చూసుకునే మనిషి లేకపోతే, అందరిదీ ఒకే ఎడిషన్ అయితే, ఇక వేరే ఆలోచన అక్కర్లేదు. చందా కట్టండి, పిల్లల్ని ఆడుకోనివ్వండి.

సర్వర్ పోయినా ఫర్వాలేదు, వరల్డ్ పోకూడదు

మిగతా దారుల్లోకి వెళ్లేముందు నేను దేన్ని బట్టి తూకం వేస్తానో చెప్పాలి. మొదటి ఏడాది మా ఇంటి పాత డెస్క్‌టాప్ మీదే సర్వర్ నడిపాను. మా అన్నయ్య కూతురు అందులో వాళ్ల అమ్మమ్మ ఇల్లు కట్టింది. మండువా, వెనక బావి, పశువుల కొట్టం, అన్నీ. ఒక సాయంత్రం సేవ్ జరుగుతుండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక సర్వర్ లేచింది గానీ ఒక రీజియన్ ఫైలు పాడైంది. జావా మైన్‌క్రాఫ్ట్‌లో ఒక్కో రీజియన్ ఫైలులో 32 చంక్‌లు (16 బ్లాకుల పొడవు, వెడల్పు ఉన్న నేల ముక్కలు) అడ్డం, 32 చంక్‌లు నిలువు ఉంటాయి. అంటే 512 బ్లాకుల పొడవు, 512 బ్లాకుల వెడల్పు నేల. ఆ ఇల్లు ఆ ముక్కలోనే ఉంది. నా దగ్గర బ్యాకప్ లేదు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

అప్పటి నుంచి ప్రతి దారినీ ఒకే ప్రశ్నతో పరీక్షిస్తున్నాను: ఇక్కడి నుంచి వరల్డ్ ఫోల్డర్‌ను ఎప్పుడంటే అప్పుడు బయటకు తీసుకెళ్లగలనా? కంప్యూటర్ మార్చుకోవచ్చు, కంపెనీ మార్చుకోవచ్చు. పిల్లలు రెండు నెలలు కూర్చుని కట్టినదాన్ని దుకాణంలో కొనలేం.

ఇంటి కంప్యూటర్

ఇందులో వరల్డ్ మన డిస్క్ మీదే ఉంటుంది, అది పెద్ద బలం. అందరూ ఒకే ఇంట్లో, ఒకే వైఫైలో ఉంటే ఇంతకన్నా మంచిది లేదు. బయటి నుంచి ఎవరైనా రావాలంటేనే చిక్కు మొదలవుతుంది.

ముందు మీ కనెక్షన్ సీజీనాట్ (ఒకే ఇంటర్నెట్ అడ్రస్‌ను చాలా ఇళ్లకు పంచే ఏర్పాటు) వెనక ఉందేమో చూసుకోండి. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ అని ఒక నంబరు ఉంటుంది. బ్రౌజర్‌లో "నా ఐపీ ఎంత" అని వెతికితే వచ్చే నంబరుతో దాన్ని పోల్చండి. రెండూ ఒకటే అయితే పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి రౌటర్‌కు వచ్చినవారిని మన సర్వర్‌కు పంపే సెట్టింగు) పనిచేస్తుంది. వేరుగా ఉంటే, ముఖ్యంగా రౌటర్ చూపేది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే, మీ ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతోందన్న మాట. అప్పుడు రౌటర్‌లో పోర్టు ఎంత తెరిచినా బయటివాళ్లు రాలేరు. దీని సంగతి తెలియక రెండు రోజులు రౌటర్ సెట్టింగులతో కుస్తీ పట్టినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

సీజీనాట్ ఉంటే మూడు మార్గాలు. కంపెనీని అడిగి అదనపు డబ్బుతో స్టాటిక్ ఐపీ (మారని సొంత అడ్రస్) తీసుకోవడం ఒకటి. ప్లేఇట్ లాంటి టన్నెల్ వాడటం రెండోది. మన కంప్యూటరే బయటికి కనెక్షన్ తెరిచి ఉంచుతుంది, స్నేహితులు టన్నెల్ ఇచ్చిన అడ్రస్‌కు వస్తారు. పోర్ట్ ఫార్వర్డింగ్ అవసరం లేదు, కానీ టన్నెల్ సర్వర్ ఎక్కడుంటే అక్కడిదాకా వెళ్లి రావాలి కాబట్టి పింగ్ (సందేశం వెళ్లి రావడానికి పట్టే సమయం) పెరుగుతుంది. మూడోది టెయిల్‌స్కేల్ లాంటి ప్రైవేట్ నెట్‌వర్క్. ఆడే ప్రతి ఒక్కరూ ఆ యాప్ పెట్టుకోవాలి, అయితే ఇంటి పోర్టు ప్రపంచానికి తెరుచుకోదు. ముగ్గురు నలుగురు దగ్గరి స్నేహితులైతే నేను ఇదే చెప్తాను.

కరెంటు లెక్క కూడా వేసుకోండి. 60 వాట్లు తాగే కంప్యూటర్ నెలంతా రాత్రింబవళ్లు నడిస్తే 43 యూనిట్లు అవుతుంది. మీ శ్లాబులో యూనిట్ ధరతో గుణిస్తే, చిన్న అద్దె సర్వర్‌కూ దానికీ తేడా ఎంతో మీకే తెలుస్తుంది. పాత ల్యాప్‌టాప్ అయితే కాస్త తక్కువే తాగుతుంది, పైగా బ్యాటరీ యూపీఎస్‌లా అక్కరకొస్తుంది. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా సర్వర్ నడపొద్దు.

ఉచిత హోస్టింగ్

అటెర్నోస్ లాంటివి. డబ్బు పెట్టకుండా పేపర్, ఫ్యాబ్రిక్, ఫోర్జ్ అన్నీ నడిపి చూడొచ్చు, వరల్డ్ దించుకోవచ్చు. ఆడేవాళ్లు లేకపోతే సర్వర్ ఆగిపోతుంది, మళ్లీ ఎవరో ఒకరు స్టార్ట్ నొక్కాలి. రద్దీ వేళ క్యూలో నిలబడాలి. నేర్చుకోవడానికి, వారాంతంలో రెండు గంటలు ఆడుకోవడానికి బాగుంటుంది. జేబులో డబ్బు లేని కాలేజీ విద్యార్థికి నేను ముందు చెప్పేది ఇదే.

అద్దె గేమ్ హోస్టింగ్, వీపీఎస్

ఇక్కడ జనం ఎక్కువగా మోసపోయేది ర్యామ్ అంకె దగ్గర. "8 జీబీ" అని పెద్ద అక్షరాలతో రాసి, ప్రాసెసర్ ఏమిటో చెప్పని ప్లాన్లు చాలా ఉంటాయి. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ సెకనుకు 20 టిక్‌లు (ఆట ఒక్కో అడుగు ముందుకు జరగడం) కొట్టాలి, అంటే ఒక్కో టిక్‌కు 50 మిల్లీసెకన్లు. మొబ్‌లు (ఆటలోని జంతువులు, జాంబీలు), రెడ్‌స్టోన్ యంత్రాలు, వస్తువులు మోసే హాపర్లు, పంటలు అన్నీ ఆ 50 మిల్లీసెకన్లలో, చాలావరకు ఒకే థ్రెడ్ (ఒక కోర్ మీద వరసగా సాగే పని) మీద తేలాలి. కాబట్టి పదహారు నెమ్మది కోర్ల కన్నా రెండు వేగమైన కోర్లు మేలు. పేపర్ సర్వర్‌లో ఐదారుగురు మామూలుగా ఆడుకోవడానికి 4 జీబీ సరిపోతుంది. భారీ మోడ్‌ప్యాక్ అయితే 8 దాకా పోతుంది. ప్లాన్ కొనేముందు ప్రాసెసర్ మోడల్ అడగండి, చెప్పకపోతే వదిలేయండి.

గేమ్ హోస్టింగ్‌లో ప్యానెల్ ఇస్తారు. బటన్లతో వెర్షన్ మార్చుకోవచ్చు, కన్సోల్ (సర్వర్‌కు ఆదేశాలు టైప్ చేసే తెర) చూడొచ్చు. ఎస్ఎఫ్‌టీపీ (ఫైళ్లను భద్రంగా దించుకునే పద్ధతి) ఇస్తారా అని తప్పకుండా కనుక్కోండి. వరల్డ్ ఫోల్డర్ బయటికొచ్చే తలుపు అదే. బెడ్‌రాక్ వాళ్ల కోసం అదనంగా యూడీపీ పోర్టు ఇస్తారా అనేది రెండో ప్రశ్న. అది లేకపోతే గీజర్ పెట్టినా ఫోన్లు కలవడం కష్టం.

వీపీఎస్ అంటే ఖాళీ లినక్స్ యంత్రం. జావా మనమే వేసుకోవాలి, ఫైర్‌వాల్ మనమే చూసుకోవాలి, అప్‌డేట్లు మనమే చేయాలి. బదులుగా పూర్తి స్వేచ్ఛ ఉంటుంది. లినక్స్ నేర్చుకోవాలనుకునే ఇంజనీరింగ్ విద్యార్థికి ఇంతకన్నా మంచి బడి నాకు తెలియదు. సర్వర్‌ను సిస్టమ్‌డీ సర్వీసుగా (యంత్రంతోపాటు తనంతట లేచేలా) పెట్టడం, రూట్ కాని (పూర్తి అధికారాలు లేని) యూజర్‌తో నడపడం, పాస్‌వర్డ్ తీసేసి ఎస్ఎస్‌హెచ్ కీతోనే (దూరం నుంచి లాగిన్‌కు వాడే తాళంచెవి ఫైలు) లాగిన్ కావడం, ఇవన్నీ రేపు ఉద్యోగంలో చేసే పనులే.

మనవాళ్లలో చాలామంది ఒరాకిల్ క్లౌడ్ ఉచిత యంత్రాల గురించి అడుగుతుంటారు. ఒరాకిల్‌కు ముంబైలోనూ హైదరాబాద్‌లోనూ రీజియన్లు (డేటా సెంటర్లున్న చోట్లు) ఉన్నాయి కాబట్టి పింగ్ పరంగా మనకు అనువైనదే. అకౌంట్ తెరిచేటప్పుడు ఎంచుకున్న హోమ్ రీజియన్‌ను తర్వాత మార్చలేం, అందుకని ఆ ఒక్క పేజీ నిదానంగా నింపండి. అక్కడ దొరికే ఆర్మ్ (ఫోన్లలో ఉండే తరహా ప్రాసెసర్) యంత్రాల మీద జావా సర్వర్ చక్కగా నడుస్తుంది. మైన్‌క్రాఫ్ట్ వాళ్లిచ్చే బెడ్‌రాక్ సర్వర్ మాత్రం ఎక్స్86 (మామూలు పీసీ) ప్రాసెసర్ల కోసం చేసింది, ఆర్మ్ మీద నేరుగా నడవదు. ఇంకో చిక్కు: అక్కడి ఉబుంటు యంత్రాల్లో పోర్టును రెండుచోట్ల తెరవాలి, క్లౌడ్ సెక్యూరిటీ లిస్టులో ఒకసారి, యంత్రం లోపలి ఐపీటేబుల్స్ ఫైర్‌వాల్‌లో ఇంకోసారి. ఒకటి మరిచిపోయి సర్వర్ పాడైందనుకునేవాళ్లే ఎక్కువ. వాడకం లేని ఉచిత యంత్రాలను కంపెనీ వెనక్కి తీసుకునే నియమం కూడా ఉంది, కాబట్టి వరల్డ్ ఒక్కచోటే ఉంచొద్దు.

సర్వర్ ఏ ఊళ్లో ఉండాలి?

ఫైబర్‌లో కాంతి ప్రతి వెయ్యి కిలోమీటర్లకు వెళ్లి రావడానికి దాదాపు 10 మిల్లీసెకన్లు పడుతుంది. తీగ తిన్నగా పోదు, మధ్యలో రౌటర్లు ఉంటాయి, కాబట్టి అసలు పింగ్ దానికన్నా ఎప్పుడూ ఎక్కువే. హైదరాబాద్‌లో ఆడేవారికి ముంబై సర్వర్ హాయి. సింగపూర్ కూడా ఫర్వాలేదు. డల్లాస్ నుంచి మన దేశానికి 200 మిల్లీసెకన్లు దాటుతుంది.

అన్నదమ్ముల పిల్లలు కొందరు ఇక్కడ, కొందరు అమెరికాలో ఉన్న ఇళ్లు మనలో తక్కువేం కాదు. సర్వర్ మధ్యలో యూరప్‌లో పెడితే న్యాయంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నేను అలా చేసి చూశాను, రెండువైపులా ఇబ్బందే. ఇళ్లు కట్టుకోవడం, పంటలు వేయడం 200 మిల్లీసెకన్ల దగ్గర కూడా సాగుతుంది. కత్తియుద్ధం సాగదు. అందుకని యుద్ధాలాడేవాళ్లు ఎటువైపు ఎక్కువుంటే అటే పెట్టండి.

ఫిర్యాదు వచ్చినప్పుడు ఒక తేడా గుర్తుపట్టండి. పగలగొట్టిన బ్లాకు ఒక్కరికే తిరిగి ప్రత్యక్షమవుతుంటే అది దాదాపు ఎప్పుడూ వాళ్ల పింగ్ సమస్య. అందరికీ ఒకేసారి ఆవులు, జాంబీలు ఆగి ఆగి నడుస్తుంటే సర్వర్ 20 టిక్‌లు కొట్టలేకపోతోంది. మొదటిదానికి ర్యామ్ పెంచడం డబ్బు దండగ.

వెనిలా, పేపర్, ఫ్యాబ్రిక్, నియోఫోర్జ్

ప్లగిన్లతో నడిచే సర్వర్‌కు నా ఎంపిక పేపర్. ఇది బకిట్, స్పిగాట్ అనే పాత సర్వర్ల వంశంలోది. వెనిలా (మార్పులేమీ లేని అసలు సర్వర్) కన్నా తేలిగ్గా నడుస్తుంది, ఆడేవాళ్లు తమ కంప్యూటర్‌లో ఏమీ పెట్టుకోనక్కర్లేదు. ఎవరేం పగలగొట్టారో చూసి వెనక్కి తిప్పే కోర్‌ప్రొటెక్ట్, అనుమతులకు లక్‌పెర్మ్స్, ఫోన్లకు గీజర్, ఈ మూడు చాలు మొదట్లో. ఇరవై ప్లగిన్లు పెట్టిన సర్వర్‌లో తప్పు ఎక్కడుందో వెతకడం నరకం.

పేపర్ నచ్చనివాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటలోనూ న్యాయముంది. ఆటలోని కొన్ని పాత లోపాలను పేపర్ సరిదిద్దుతుంది, ఉదాహరణకు టీఎన్‌టీ (పేలుడు బ్లాకు) నకళ్లు పుట్టించే పద్ధతి. ఆ లోపాల మీదే ఆధారపడి పెద్ద పెద్ద రెడ్‌స్టోన్ యంత్రాలు కట్టేవారికి ఇది అడ్డం. వాళ్లు ఫ్యాబ్రిక్ మీద లిథియం మోడ్ పెట్టుకుంటే ఆట తీరు మారకుండానే వేగం వస్తుంది. కొత్త జంతువులు, కొత్త యంత్రాలు ఉన్న మోడ్‌ప్యాక్ కావాలంటే ఆ ప్యాక్ దేనికోసం చేశారో అదే వాడాలి: ఫోర్జ్, 2023లో దాన్నుంచి విడిపోయిన నియోఫోర్జ్, లేదా ఫ్యాబ్రిక్. అప్పుడు ఆడేవాళ్లందరూ అవే మోడ్లు తమ దగ్గరా పెట్టుకోవాలి, ఫోన్ పిల్లలు ఆటకు దూరమైపోతారు. మా ఇంట్లో ఓటింగ్ పెడితే మోడ్లు ఓడిపోయింది ఈ కారణంతోనే.

ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేటప్పుడు ఒక మెలిక. వెనిలాలో నెదర్, ఎండ్ (ఆటలోని మరో రెండు లోకాలు) రెండూ వరల్డ్ ఫోల్డర్ లోపలే ఉంటాయి. పేపర్ 1.21 వరకు వాటిని విడి ఫోల్డర్లుగా పెట్టింది. పేపర్ నుంచి వెనిలాకో ఫ్యాబ్రిక్‌కో వెళ్తూ ఒక్క ఫోల్డరే కాపీ చేస్తే నెదర్‌లో కట్టిందంతా మాయమైనట్టు కనిపిస్తుంది. మూడూ తీసుకుని సరైన చోట పెట్టాలి. వెర్షన్ పెంచడం కూడా ఒకవైపు దారే, కొత్త వెర్షన్‌లో తెరిచిన వరల్డ్ పాతదానిలోకి క్షేమంగా తిరిగి రాదు. జావా వెర్షన్ కూడా చూసుకోండి: 1.18కి జావా 17 కావాలి, 1.20.5 నుంచి 1.21 వరసదాకా జావా 21, 26.1 నుంచి జావా 25.

సెట్టింగులు

సర్వర్ ప్రాపర్టీస్ ఫైలులో వరసలు చాలా ఉన్నా, మనసు పెట్టాల్సినవి కొన్నే. వ్యూ-డిస్టెన్స్ (ఆటగాడికి ఎంత దూరం కనిపించాలో) 10 అని వస్తుంది. అంటే ఒక్కో ఆటగాడి చుట్టూ 21 చంక్‌లు అడ్డం, 21 నిలువు, మొత్తం 441. దాన్ని 6కి తగ్గిస్తే 169. చిన్న యంత్రం మీద ఇంత ఉపశమనం ఇచ్చే మార్పు ఇంకోటి లేదు. అసలు భారం మొబ్‌లు, పంటలు కదిలే పరిధిది కాబట్టి సిమ్యులేషన్-డిస్టెన్స్‌ను 5 దగ్గర, చూపును 8 దగ్గర పెడితే దూరపు కొండలూ కనిపిస్తాయి, సర్వరూ ఊపిరి పీల్చుకుంటుంది. మెమరీ ఇచ్చేటప్పుడు యంత్రంలో ఉన్నదంతా జావాకు రాసేయకండి. 4 జీబీ వీపీఎస్‌లో 3 ఇచ్చి మిగతాది లినక్స్‌కు వదలండి, లేకపోతే ఆట మధ్యలో లినక్సే సర్వర్‌ను చంపేస్తుంది.

వైట్‌లిస్ట్ (పేరున్నవారినే లోపలికి రానిచ్చే జాబితా) మొదటి రోజే ఆన్ చేయండి. ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న 25565 పోర్టులను వెతుకుతూ తిరిగే బాట్లు నిత్యం ఉంటాయి. అడ్రస్ ఎవరికీ చెప్పలేదు కదా అనే ధైర్యం పనికిరాదు.

ఆన్‌లైన్-మోడ్ (వచ్చినవారిది ఆట కొన్న నిజమైన ఖాతానా అని సర్వర్ తేల్చుకునే సెట్టింగు) గురించి గట్టిగానే చెప్తాను. ఆట కొనని స్నేహితులు రావాలని దాన్ని ఫాల్స్ చేసేవాళ్లు చాలామంది. అప్పుడు సర్వర్ ఎవరు నిజమో తేల్చుకోదు, అడ్మిన్ పేరు తెలిసిన ఎవరైనా ఆ పేరుతో వచ్చి అన్ని అధికారాలూ పొందొచ్చు. వైట్‌లిస్ట్ కూడా అక్కడ పేర్లనే నమ్ముతుంది. తర్వాత బుద్ధి తెచ్చుకుని ట్రూ చేస్తే ప్రతి ఆటగాడి గుర్తింపు సంఖ్య మారిపోయి, అందరి సంచులూ ఖాళీగా కనిపిస్తాయి. ఫోన్ పిల్లల కోసమైతే ఫ్లడ్‌గేట్ ఉండనే ఉంది, దాని కోసం ఈ తలుపు తీయాల్సిన పని లేదు.

పాత వెర్షన్ల మీద మోజున్నవారికి ఒక జాగ్రత్త. 2021 డిసెంబరులో లాగ్4జే (జావా ప్రోగ్రాములు లాగ్ రాసుకునే భాగం) లోపం బయటపడినప్పుడు చాట్‌లో ఒక్క వాక్యం రాసి సర్వర్‌ను చేజిక్కించుకునే వీలు కలిగింది. 1.18.1లో దాన్ని సరిచేశారు. అంతకన్నా పాతది నడపాలనుకుంటే ఆ లోపాన్ని సరిచేసిన బిల్డ్ తప్ప వేరేది వాడొద్దు.

ఇక బ్యాకప్. సర్వర్ నడుస్తుండగా ఫోల్డర్ కాపీ చేస్తే సగం రాసిన ఫైళ్లు వస్తాయి. కన్సోల్‌లో ముందు సేవ్-ఆఫ్, తర్వాత సేవ్-ఆల్ ఫ్లష్, అప్పుడు కాపీ, చివర సేవ్-ఆన్. ఈ నాలుగు మెట్లను ఒక స్క్రిప్టుగా రాసి రోజూ తెల్లవారుజామున నాలుగింటికి నడిచేలా పెట్టాను. ఏడు రోజుల కాపీలు సర్వర్ మీద, ఆదివారం కాపీ ఇంట్లో వేరే డిస్క్ మీద. నెలకోసారి ఆ ఆదివారం కాపీని నా ల్యాప్‌టాప్‌లో విప్పి, అక్కడే సర్వర్ లేపి, లోపలికి వెళ్లి నడిచి చూస్తాను. మా అన్నయ్య కూతురు అమ్మమ్మ ఇల్లు మళ్లీ కట్టింది. ఈసారి బావి పక్కన తులసికోట కూడా ఉంది. నా తనిఖీ అక్కడి నుంచే మొదలవుతుంది.